ఉదయగిరి–ఆత్మకూరు కొండలు: నేల తీరు, భూ వినియోగంలో మార్పులు

నెల్లూరు జిల్లా పడమటి అంచున కడప సీమకు సరిహద్దుగా ఉత్తర దక్షిణాలుగా సాగే వెలికొండల తూర్పు వాలు, దాని ముందు విడివిడిగా నిలిచిన గుట్టలు, వాటి పాదాన పరచుకున్న మెట్ట నేలలు ఈ వ్యాసానికి విషయం. పాత లెక్కలో ఇది ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల భూభాగం. నేటి ఉదయగిరి, సీతారామపురం, దుత్తలూరు, వరికుంటపాడు, వింజమూరు, మర్రిపాడు, ఆత్మకూరు, అనంతసాగరం మండలాలు ప్రధానంగా ఇందులోకి వస్తాయి. జిల్లాలో డెల్టా వారు ఈ వైపునంతా కలిపి ‘మెట్ట’ అంటారు. ఆరేడు వందల ఏళ్ల ఆధారాలను వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి స్థిరపడుతుంది. ఈ కొండల విలువ మొదటి నుంచీ వాటి పాదంలో ఉంది. కొండ మీద పడిన నీరు పాదాన ఎక్కడ ఆగింది, దాన్ని ఎవరు ఆపారు అన్నదే ఇక్కడి సేద్యాన్నీ, మేతనూ, ఊళ్ల ఉనికినీ నిర్ణయించింది. కొండనూ పాదాన్నీ ఒకే ఆస్తిగా చూసిన కాలంలో నేల ఒక తీరుగా ఉండేది. రెంటినీ వేర్వేరు శాఖలకు, వేర్వేరు హక్కుదారులకు పంచిన తరువాత అది మరో తీరుగా మారింది.

పేరు, నిర్వచనం (చూ. సుద్ద, పలుగురాయి, ముగ్గురాయి)

తెల్లగా కనిపించే కొండను సుద్దకొండ అనడం వాడుకలో ఉంది. శాస్త్ర పరిభాషలో సుద్ద అంటే మెత్తని తెల్ల సున్నపురాయి. కంటికి కనిపించనంత చిన్న సముద్ర జీవుల పెంకులు కోట్ల ఏళ్లపాటు అడుగున పేరుకొని ఏర్పడిన శిల అది. దక్షిణ ఇంగ్లండులోని గుట్టలు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఆ అర్థంలో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో సుద్దకొండ ఒక్కటీ లేదు. ఇక్కడి తెలుపు మూడు వేరు వేరు వస్తువుల నుంచి వస్తుంది. కొండ శిఖరాల్లో గట్టిపడిన ఇసుకరాయి, అంటే క్వార్ట్‌జైటు. గుట్టల్లోనూ చేలల్లోనూ తెల్లని చారలుగా బయటపడే పలుగురాయి. తూర్పు వైపు మట్టిలో తళుకుమనే అభ్రకం, జనం మాటలో కాకిబంగారం. వెలికొండలకు అవతల, కడప వైపు మంగంపేటలో దొరికే తెల్లరాయి మళ్లీ వేరు. అది ముగ్గురాయి, అంటే బెరైటీసు. ఇలాంటి తికమక ఈ ప్రాంతానికే పరిమితం కాదు. తమిళనాడులో సేలం దగ్గరి కొండలకు ఆంగ్లేయుల కాలంలో సుద్దకొండలనే పేరు స్థిరపడింది, కాని అక్కడున్నది మాగ్నసైటు.

పేరు విషయం ఇంత నిక్కచ్చిగా చెప్పడానికి కారణం ఉంది. రాయి ఏదన్న దాన్ని బట్టి నీటి నడక మారుతుంది, నీటి నడకను బట్టి భూమి వాడకం మారుతుంది. సుద్ద నీటిని పీల్చుకుంటుంది. సుద్దకొండ మీద పడ్డ వాన లోపలికి ఇంకి, నెలల తరువాత పాదాన ఊటలుగా బయటికి వస్తుంది. కొండే ఒక చెరువులా పనిచేస్తుంది. క్వార్ట్‌జైటు అలా పీల్చుకోదు. పగుళ్ల వెంట కొంత నీరు దిగుతుంది తప్ప, మిగిలినదంతా రాతి మీదుగా జారి కొన్ని గంటల్లోనే వాగుల్లోకి చేరుతుంది. ఇక్కడ నీటిని నిలిపే పని కొండ చేయదు, మనిషి చేయాలి. విజయనగర కాలపు ఉదయగిరి రాజ్యం చెరువుల రాజ్యం కావడానికి మూలం ఈ రాతి స్వభావంలోనే ఉంది.

శిలలు, నేలలు, వాగులు (చూ. వెలికొండలు, నెల్లూరు షిస్టు పట్టీ)

పడమట వెలికొండలు కడప శిలాసముదాయానికి చెందినవి. అందులో నల్లమల వర్గమనే పై పొరల క్వార్ట్‌జైట్లు, పలకరాళ్లు ఇక్కడ నిట్టనిలువు గట్లుగా లేచాయి. ఉత్తరాన మార్కాపురం పలకలు దొరికేదీ ఈ నల్లమల వర్గం శిలల్లోనే. తూర్పున ఉన్నది అంతకంటే పాతదైన నెల్లూరు షిస్టు పట్టీ. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పట్టీని రెండు వర్గాలుగా విభజించి, అగ్నిపర్వత శిలలు ఎక్కువగా ఉన్న కింది దానికి వింజమూరు పేరు, ఒకప్పటి ఇసుకా మట్టీ గట్టిపడి మారిన పై దానికి ఉదయగిరి పేరు పెట్టారు. ఈ రెండు ఊళ్ల పేర్లు అలా శిలాశాస్త్రంలో నిలిచిపోయాయి. రెండు సముదాయాలు కలిసే చోట తూర్పు పొరలు పడమటి పొరల మీదికి నెట్టుకొచ్చాయి.

గట్టి రాయి కరగదు, దాని పక్కనున్న మెత్తని పలకరాయి, షిస్టు కరిగిపోతాయి. అందుకే శిఖరం శిఖరంగా మిగిలి, పక్కలు లోయలయ్యాయి. శిఖరం నుంచి విరిగిపడ్డ రాళ్లు, గులక, మట్టి పాదాన వెడల్పాటి వాలుగా పేరుకున్నాయి. ఈ పాదపు వాలు మీద గరప నేల. దాని కిందుగా ఎర్రనేలలు. వాగుల పక్కన దువ్వ, అక్కడక్కడ రేగడి. కొండ నీరు నిజంగా ఇంకేది ఆ గులక వాలులోనే. ఇక్కడి పాత ఊళ్లు, దిగుడు బావులు, చెరువులు ఎక్కువగా ఆ వాలు దిగువ అంచునే ఉండడం యాదృచ్ఛికం కాదు. దక్షిణాన పెన్న వెలికొండలను చీల్చుకొని సోమశిల దగ్గర మైదానంలోకి దిగుతుంది. బొగ్గేరు, బీరాపేరు దానిలో కలిసేవి. ఉదయగిరి వైపు పిల్లాపేరు పారుతుంది. ఇవేవీ ఏడాది పొడుగునా పారేవి కావు. తూర్పు తీరానికి ఈశాన్య రుతుపవనమే ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల మీద ఆధారపడిన వాన అది. కొద్ది రోజుల్లోనే కురిసి పోతుంది.

దుర్గం, చెరువు: 14 నుంచి 17వ శతాబ్దం దాకా (చూ. ఉదయగిరి రాజ్యం, పోరుమామిళ్ల శాసనం)

ఉదయగిరి దుర్గం సముద్ర మట్టానికి మూడు వేల అడుగులకు పైన నిలిచిన కొండ. నెల్లూరుకు వాయవ్యంగా సుమారు 100 కి.మీ. దూరం. బ్రిటిషు కాలపు గెజిటీర్లు ఇక్కడ 13 కోటలను లెక్కించాయి. ఎనిమిది కొండ మీద, ఐదు కింద. ఆ లెక్కే ఈ స్థలం స్వభావాన్ని చెబుతుంది. కొండ మీది కోట ఒక్కటే చాలదు, పాదాన్ని కూడా చుట్టుకోవాలి. విజయనగర రాజ్యం మొదటి దశలోనే ఉదయగిరి ఒక రాజ్యానికి, అంటే ఒక పెద్ద పాలనా విభాగానికి ముఖ్యపట్టణమైంది. సంగమ వంశపు రాజకుమారులు ఇక్కడి నుంచి పాలించారు.

వారిలో మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ 1369లో వెలికొండల అవతల పోరుమామిళ్లలో అనంతరాజసాగరమనే చెరువు తవ్వించాడు. దాని శాసనం దక్షిణ భారత చెరువుల చరిత్రలో అరుదైన పత్రం. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్టు అది చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు లెక్కిస్తుంది. అంగాల్లో దాతను, నీటి శాస్త్రం తెలిసినవాణ్ణి, గట్టి నేలను, దూరం నుంచి వచ్చే తీయని నీటి ఏటిని, కట్టకు ఆనుకున్న కొండను, దగ్గరలో రాయి దొరికే చోటును చెప్పింది. దోషాల్లో కట్ట ఊటెత్తడం, చవుడు నేల, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం ఉన్నాయి. రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు కట్టడం కూడా దోషమే. ఈ చివరిది గమనించదగినది. నీరు వచ్చే చోటు ఒకరిది, నిలిచే చోటు మరొకరిది అయితే ఆ చెరువు బాగుపడదని ఆ శాసనకర్తకు తెలుసు. కొండ, వాగు, కట్ట, ఆయకట్టు ఒకే పాలన కింద ఉండాలన్న సూత్రం అందులో ఇమిడి ఉంది.

దుర్గం వల్ల కొండ రూపం కూడా మారింది. 15వ శతాబ్దంలో ఒడిశా గజపతుల చేతికి వెళ్లిన ఉదయగిరిని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, సుమారు ఏడాదిన్నర తరువాత 1514లో పట్టుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి ప్రతిష్ఠించిన ఆలయమే హంపీలోని కృష్ణాలయం. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ రాసిన కథనం ప్రకారం, కోట బురుజుల దగ్గరికి సైన్యం చేరేందుకు రాయలు గుట్టలు తొలిపించి, పెద్ద బండలు పగలగొట్టించి దారులు వేయించాడు. నూనిజ్ రాసింది ఆ యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లకు, అదీ విన్నదాన్ని బట్టి. కనుక లెక్కల విషయంలో అతణ్ణి నమ్మడం కష్టం. అయినా దుర్గం ఎంత ఏటవాలుగా ఉందో చూసినవారికి దారి తొలిచిన సంగతి అసంభవంగా తోచదు. 16వ శతాబ్దం చివర ఉదయగిరి గోల్కొండ వశమైంది. మసీదులు, పారసీ శాసనాలు ఆ దశవి. పాడుబడ్డ రంగనాయకుల గుడి, మసీదులు ఒకే ఆవరణలో కనిపించడానికి ఈ చేతులు మారిన చరిత్రే కారణం.

జాగీరు నుంచి రిజర్వు ఫారెస్టుకు (చూ. మద్రాసు అటవీ చట్టం, 1882, పుల్లరి)

నెల్లూరు సీమ 1801లో ఆర్కాటు నవాబు నుంచి కంపెనీకి దక్కింది. ఉదయగిరి మాత్రం జాగీరుగా కొనసాగింది. కుట్ర ఆరోపణ మీద 1839లో జాగీర్దారు అబ్బాస్ అలీ ఖానును తొలగించి, జాగీరును ప్రభుత్వం కలుపుకుంది. దీనితో దుర్గానికి సైనికంగానూ పాలనాపరంగానూ ఉన్న ప్రయోజనం ముగిసింది. కొండ శిఖరం ఖాళీ అయింది. అసలు మార్పు మాత్రం మరో నలభై ఏళ్లకు, వాలు మీద వచ్చింది.

1882 మద్రాసు అటవీ చట్టం కింద వెలికొండల వాలులో పెద్ద భాగం రిజర్వు అయింది. అంతకు ముందు ఊరివారు కట్టెపుల్లలకు, నాగలి కర్రకు, ఆకు ఎరువుకు, మేతకు కొండకు వెళ్లేవారు. నెల్లూరు పశువుల మందలను ఎండాకాలంలో కొండల వైపు తోలేవారు. చట్టం వచ్చాక ఇవన్నీ అనుమతితో, రుసుముతో జరగాల్సినవయ్యాయి. మేత పన్నుకు పుల్లరి అన్న పేరు తెలుగు జిల్లాలన్నిటిలో వినబడేది. ఇప్పుడు వాలు అటవీ శాఖది. వాగు, చెరువు, కట్ట రెవెన్యూ, ప్రజాపనుల శాఖలవి. పొలం రైతు పట్టా. మధ్యలో మిగిలింది పోరంబోకు. పోరుమామిళ్ల శాసనం దోషమన్న పొలిమేర, ఒకే ఊరి సరిహద్దుల లోపల ఇలా ఏర్పడింది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. రిజర్వు చేయకపోతే ఈ అడవి మిగిలేదే కాదు కదా? ఇది చాలావరకు నిజం. రిజర్వు హద్దులు నూటముప్పై ఏళ్లకు పైగా పెద్దగా మారకుండా నిలిచాయి. 1980 అటవీ సంరక్షణ చట్టం వాటిని మరింత గట్టిపరిచింది. వెలికొండల మీద ఎర్రచందనం, రేల, సండ్ర, బిలుడు నేటికీ కనిపిస్తున్నాయంటే అందుకు ఆ హద్దులే ముఖ్య కారణం. కాని గీత నిలిచినంత మాత్రాన గీత లోపలిదంతా నిలిచిందని అర్థం కాదు. వాడకం ఆగలేదు, గీతకు ఇవతలికి జరిగింది. ఊరికీ అడవికీ మధ్య ఉన్న పోరంబోకు గుట్టల మీద మేకలు, గొర్రెలు, కట్టెల మోపుల భారమంతా పడింది. నీరు ఇంకే గులక వాలు సరిగ్గా అక్కడే ఉంది. అడవి శాఖ లెక్కలో అది అడవి కాదు, రెవెన్యూ లెక్కలో సాగు కాదు, కనుక దాని బాధ్యత ఎవరికీ పట్టలేదు. 1990లలో వచ్చిన వన సంరక్షణ సమితులు, వాటర్‌షెడ్ పనులు, 2002 నాటి నీరు, భూమి, చెట్టు చట్టం ఈ ఖాళీని పూడ్చడానికి చేసిన ప్రయత్నాలు. కొండ వాలు మీద కందకాలు, వాగుల మీద రాతి చెక్‌డ్యాములు ఆ పనుల గుర్తులు.

భూగర్భం: అభ్రకం, పలుగురాయి, రాగి (చూ. నెల్లూరు అభ్రకం)

నెల్లూరు అభ్రకపు పట్టీ గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాల మీదుగా వంపుగా సాగుతుంది. కేంద్రం గూడూరు వైపే, ఆత్మకూరు దాని ఉత్తర భాగం. 19వ శతాబ్దం చివరి నుంచి ఇక్కడ గనులు నడిచాయి. ఆకుపచ్చ ఛాయ గల ఈ అభ్రకం విద్యుత్ పరికరాల పరిశ్రమ కోసం ఎగుమతయ్యేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గిరాకీ బాగా పెరిగి, తరువాత ప్రత్యామ్నాయ పదార్థాలు వచ్చి, పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమై, గనులు మూతపడ్డాయి. అభ్రకం పెగ్మటైటు చారల్లో పలుగురాయి, ఫెల్డ్‌స్పారుతో కలిసి ఉంటుంది. తవ్విన రాయిలో అమ్ముడయ్యే అభ్రకం కొద్ది భాగమే. మిగిలింది గుంట పక్కన తెల్లని దిబ్బగా మిగిలేది. నూరేళ్లపాటు వ్యర్థమనుకున్న ఆ పలుగురాయికి గాజు, సిలికాన్ పరిశ్రమల వల్ల ఇటీవల విలువ వచ్చింది. పాత దిబ్బలను మళ్లీ తిరగేయడం, పాత గుంటలను మళ్లీ తెరవడం జిల్లా దక్షిణ భాగంలో ఎక్కువగా సాగుతోంది. ఉదయగిరికి తూర్పు వైపు గరిమానిపెంట ప్రాంతంలో పాత రాగి తవ్వకాల ఆనవాళ్లున్నాయి.

గనులే ఈ కొండలను పాడుచేశాయన్న మాట తరచు వినిపిస్తుంది. ఆధారాలు అంత దూరం పోవు. అభ్రకపు గుంటలు ఎక్కువగా కొండల్లో లేవు, తూర్పున మైదానంలోని తక్కువ ఎత్తు నేలల్లో ఉన్నాయి. వెలికొండల వాలు మీద పలచబడిన అడవికి వాటిని బాధ్యుల్ని చేయడం సరికాదు. వాటి దెబ్బ వేరే చోట తగిలింది. గుంట విస్తీర్ణం చిన్నదే అయినా దిబ్బ వాగు తలమీద పడితే, ప్రతి వానకూ ఆ సన్నరాయి, తళుకు మట్టి కొట్టుకొచ్చి దిగువ కాలువను, చెరువును పూడుస్తుంది. కౌలు పత్రంలో గుంట ఎన్ని ఎకరాలో ఉంటుంది, పూడిక ఎంత దూరం వెళ్లిందో ఉండదు. గని నష్టాన్ని గుంట కొలతతో లెక్కించడం అందుకే తప్పు లెక్క అవుతుంది.

కొండ కర్ర (చూ. ఉదయగిరి కొయ్య చెంచాలు, ఎర్రచందనం)

ఉదయగిరి పట్టణంలో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కుతున్నాయి. పిడి మీది జాలీ పనిలో, పూల నకాసీలో పారసీ కళ ఛాయలున్నాయి. నర్ది, కల్ది, బిక్కి, దేవదారు, పాలబరికె వంటి చిన్న చెట్ల కర్ర వాడతారు. ఈ దేవదారు హిమాలయాల దేవదారు కాదు, మెట్ట కొండల పొదచెట్టు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించింది. భూ వినియోగం దృష్టితో ఈ కళ చెప్పేది ఒకటే. పలచని ముళ్లడవి వల్ల ప్రయోజనం లేదన్న లెక్క తప్పు. పెద్ద కలపకు పనికిరాని ఈ చెట్లే ఒక పట్టణపు వృత్తిని నిలబెట్టాయి. కర్ర దొరకడం అడవి అనుమతుల మీద ఆధారపడి ఉన్నందున ఆ వృత్తి ఎప్పుడూ సన్నని దారం మీదే నడుస్తోంది.

ఎర్రచందనం సంగతి తలకిందులు. వెలికొండలు, పాలకొండలు, శేషాచలం, లంకమల వంటి తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే సహజంగా పెరిగే ఈ చెట్టుకు విదేశీ గిరాకీ విపరీతం. క్వార్ట్‌జైటు మీద, రాతి సందుల్లో, తక్కువ నీటితో నెమ్మదిగా పెరగడమే దాని చేవకు మూలమంటారు. అంతరించే ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం రెండో అనుబంధంలో ఈ చెట్టు 1995 నుంచి ఉంది. అయినా దొంగ నరుకుడు ఆగక, రాష్ట్రం ప్రత్యేక టాస్క్‌ఫోర్సును ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఒక చెట్టును కాపాడే పనే అటవీ సిబ్బంది శక్తిని చాలావరకు తీసుకుంటున్నందున, మిగిలిన అడవిలో ఏం తగ్గుతోందో చూసే తీరిక తక్కువ.

పొద అడవి బీడు కాదనడానికి మరో సాక్ష్యం పక్షి లోకం నుంచి వస్తుంది. 1900 తరువాత కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో లంకమల పాదాన, పలచని ముళ్లపొదల మధ్య మళ్లీ దొరికింది. కలివి పొదల నుంచే దానికా పేరు. పాత రికార్డులు దాన్ని పెన్న లోయలో నెల్లూరు, కడప సీమల్లో చూసినట్టు చెబుతాయి. దట్టమైన అడవి దానికి పనికిరాదు, పూర్తిగా బోసి నేలా పనికిరాదు. గొర్రెలు మితంగా మేసే కొండ పాదమే దాని చోటు.

మెట్ట సేద్యం (చూ. వర్జీనియా పొగాకు, నిమ్మ, జామాయిల్)

పాత సాగులో రెండు భాగాలు. చెరువు కింద వరి, చెరువు పైన సజ్జ, జొన్న, కొర్ర, వరిగ, కంది, ఉలవ. పంట లేని నెలల్లో చేలల్లో మందలు. నెల్లూరు గొర్రెల్లో పల్ల, జోడిపి, దొర రకాలు ఈ మెట్ట సృష్టి. ఒంగోలు జాతిగా పేరుపడిన పశువులు ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్లి, అక్కడ నెలోరె అన్న పేరుతో ఆ దేశపు మాంస పరిశ్రమకు ఆధారమయ్యాయి. జిల్లా పేరు ప్రపంచంలో ఎక్కువ మంది నోట పలికేది బహుశా ఆ పశువు రూపంలోనే.

20వ శతాబ్దం రెండో సగంలో చిరుధాన్యాల చోటును వర్జీనియా పొగాకు ఆక్రమించింది. దక్షిణ తేలిక నేలలన్న వర్గంలో పొగాకు బోర్డు ఈ ప్రాంతాన్ని చేర్చింది. మర్రిపాడు మండలం డి.సి.పల్లి, దాని తూర్పున కలిగిరి వేలం కేంద్రాలయ్యాయి. గరప నేల, తక్కువ నీరు, ఈశాన్య వాన ఆ పంటకు సరిపోయాయి. రైతుకు చేతికి డబ్బొచ్చే పంట మరొకటి లేనప్పుడు అది నిలబెట్టిన మాట కాదనలేం. అయితే ఈ పొగాకును బ్యారన్లలో మంట పెట్టి ఆరబెట్టాలి. ఆకు పచ్చగా ఉన్నంతకాలం నేల మీద ఆధారపడిన పంట, కోసిన తరువాత కట్టె మీద ఆధారపడుతుంది. ఆ కట్టె మొదట గుట్టల నుంచి, తరువాత జామాయిల్, సరుగుడు, సర్కారు తుమ్మ నుంచి వచ్చింది. పొలాల్లో జామాయిల్ తోటలు వ్యాపించడానికి కాగితం మిల్లులతో పాటు ఈ అవసరమూ తోడైంది. సర్కారు తుమ్మ ఎవరూ వేయకుండానే పూడిన చెరువుల గర్భాల్లో అల్లుకుపోయింది. అది నీటి చోటును ఆక్రమించిందనడం నిజం. దాని బొగ్గు, కట్టె లేకపోతే గుట్టల మీద కత్తి ఇంకా లోతుగా పడేదన్నదీ నిజం. నిమ్మ, బత్తాయి, మామిడి తోటలు బోరు బావులతో వచ్చాయి. ఏడాది పొడుగునా నీరడిగే తోట, మూడు నెలల వానతో బతికే కొండ పాదంలో నాటుకుంది. తేడాను భూగర్భ జలం భరించింది.

పెద్ద జలాశయాలు, ఎత్తు సమస్య (చూ. సోమశిల ప్రాజెక్టు, వెలిగొండ ప్రాజెక్టు)

పెన్న కొండలు దాటే చోట కట్టిన సోమశిల ఆనకట్ట పని 1970లలో మొదలై, 1980ల చివరికి నీరు నిలిచే దశకు వచ్చింది. సామర్థ్యం 78 టీఎంసీలు. ఆనకట్ట అనంతసాగరం మండలంలో ఉన్నా, ముంపు ప్రధానంగా కొండల అవతల కడప జిల్లా ఊళ్లది. నీరు ఆత్మకూరు దిగువకు, డెల్టాకు, కండలేరు మీదుగా తెలుగు గంగ పేరుతో చెన్నైకి వెళుతుంది. దీని పూర్తి నీటిమట్టం సముద్ర మట్టానికి సుమారు 100 మీటర్లు. ఉదయగిరి, మర్రిపాడు పై నేలలు అంతకంటే ఎత్తున ఉన్నందున, కళ్ల ముందు నీరున్నా పారించుకోలేని స్థితి. ఎత్తిపోతలతో హైలెవల్ కాలువను తలపెట్టడానికి కారణం అదే. ఉత్తరం నుంచి కృష్ణా నీటిని రెండు సొరంగాల ద్వారా తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు 43.5 టీఎంసీలతో ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు ఉద్దేశించింది. ఉదయగిరి వైపు మెట్ట అందులో భాగం. పిల్లాపేరు మీది గండిపాలెం జలాశయం మాత్రం పూర్తిగా స్థానికమైన వాన మీద ఆధారపడింది.

ఇక్కడ చివరి అభ్యంతరం వస్తుంది. పెద్ద కాలువ వస్తే కొండ నీటితో, పాత చెరువులతో పనేముంది? కాలువ నీరు వచ్చినా అది నిలవాల్సింది ఆ చెరువుల్లోనే. సోమశిల ఉత్తర కాలువ నీరు ఆత్మకూరు వైపు చేరేది చాలావరకు పాత చెరువులను నింపడం ద్వారానే. కట్ట, తూము, కలుజు బాగున్న చోట ఆ నీరు పనికొచ్చింది, పూడిన చోట కలుజు మీదుగా పోయింది. వాన తక్కువ కావడమే అసలు కారణమనేవారికి కూడా ఇదే జవాబు. ఇక్కడి వాన ఎప్పుడూ కొద్ది రోజుల వానే. 2021 నవంబరులో వారం రోజుల్లో పెన్న పొంగి సంగం, నెల్లూరు దాకా ముంచెత్తింది. మరుసటి వేసవిలోనూ మెట్ట ఊళ్లు ట్యాంకర్ల కోసం చూశాయి. కురిసిన దానికీ నిలిచిన దానికీ మధ్య ఉన్న తేడా ఆకాశం నుంచి రాలేదు.

ఆ తేడాను పూరించడానికి బోరు ఎంత లోతుకు వెళితే నీటి గుణం అంత మారుతుంది. ఈ సీమ రాళ్లలోని నల్ల అభ్రకం, అపటైటు వంటి ఖనిజాల్లో ఫ్లోరైడు ఉంది. రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచిన నీరు దాన్ని కరిగించుకుంటుంది. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వైద్య పత్రికలో నమోదు చేసింది 1937లో. ఆ ఊళ్లు నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలవి. 1970లో ప్రకాశం జిల్లాలోకి వెళ్లినా, ఉదయగిరికి ఉత్తరాన కనిగిరితో మొదలయ్యే మెట్టే అది. పై పొరల్లోని నీరు, అంటే చెరువు కింద ఇంకిన నీరు, గులక వాలు బావుల నీరు, సాధారణంగా అంత హాని చేయదు. ఉదయగిరి, వరికుంటపాడు, సీతారామపురం వైపు ఊళ్లలో తాగునీటి కోసం ఇప్పుడు శుద్ధి యంత్రాలు నడుస్తున్నాయి. వాటికి కావలసిన నీరు కూడా బోర్ల నుంచే వస్తోంది.